లాభం, రెండు, మూడు

మొఘల్‌పురాలో మురుమురాలు కొనాలంటే నాగమణమ్మ దుకాణానికే పోవాలని అక్కడి పాత కుటుంబాలకు ఒక పట్టింపు. అటూ ఇటూ ఉన్న దుకాణాల్లో కరెంటు కాంటాలు వచ్చి పదేళ్లు దాటింది. నాగమణమ్మ దగ్గరా ఒక కాంటా ఉంది, పప్పులకీ చక్కెరకీ. మురుమురాలు, పుట్నాలు, అటుకులు మాత్రం అత్తగారి నాటి ఇత్తడి సోలతోనే కొలుస్తుంది. సోల నిండా ముంచి, పైన కుప్పగా నిలిచినదాన్ని చేత్తో తుడిచెయ్యకుండా అలాగే సంచిలో పోస్తుంది. మొదటి సోల పోసేటప్పుడు ‘ఒకటి’ అనదు, ‘లాభం’ అంటుంది. ఆ తర్వాత రెండు, మూడు మామూలే. కొలిచే చేతికీ, పుచ్చుకునే చేతికీ ముందుగా మేలు కోరే మాట అది. ఆమె అత్తగారు అలాగే అనేది, ఆవిడకి ముందువాళ్లూ అలాగే అన్నారు. పెళ్లయి వచ్చిన ఇరవై ఏడేళ్లలో నాగమణమ్మ నోట కొలత మొదట్లో ‘ఒకటి’ అన్న మాట ఏనాడూ రాలేదు.

ఇదే నాగమణమ్మ ఆదివారం పొద్దున ఆరింటికల్లా జహనుమాలోని ఒక బడి మైదానంలో ఉంటుంది. వయసు నలభై తొమ్మిది. సల్వారు మీద నీలం జెర్సీ తొడుక్కుని, ఇరవై రెండేళ్ల పిల్లలతో కలిసి అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడుతుంది. వాళ్లతో సమానంగా పరిగెత్తలేదు గానీ, వాళ్లందరికంటే ముందే వచ్చి కూర్చుంటుంది. భర్త పురుషోత్తం మొదట్లో “ఒలింపిక్సుకు పోతవా ఏంది?” అని వేళాకోళం చేసేవాడు. ఇప్పుడు ఆదివారం దుకాణం తనే తెరిచి, “మా ఆమె మ్యాచికి పోయింది” అని అడగనివాళ్లకి కూడా చెబుతున్నాడు.

ఇదంతా షుగరు వల్ల మొదలైంది. నాలుగేళ్ల కిందట డాక్టరు రోజూ నడవమంటే, ఇంటికి దగ్గరని ఆ మైదానం చుట్టూ నడిచేది. ఒక ఆదివారం అలీనా పరుగున వచ్చి ఆమెని ఆపింది. అలీనా ఆ బడిలో ఆటల టీచరు, ఫ్రిస్బీ జట్టుకి కెప్టెను. జట్టంటే ఏడుగురు, అందులో ముగ్గురు ఆడవాళ్లు ఉండి తీరాలి. ఆ రోజు ఇద్దరే వచ్చారు.

“ఆంటీ, మీరు ఆడుడు అవసరం లేదు. ఊకె నిలబడుండ్రి, చాలు” అంది అలీనా.

నాగమణమ్మకి మాటంటే మాటే. నిలబడమన్నారు కనుక కొంగు నడుముకి చుట్టి దోపి, ఎదుటివాళ్ల గీత అవతల ఎక్కడ నిలబెట్టారో అక్కడే అరగంట నిలబడింది. అటు ఉరకమన్నా కదల్లేదు, ఇటు రమ్మన్నా కదల్లేదు. చివరికి హమ్మాద్ అనే కుర్రాడు విసిరిన డిస్కు, పళ్లెంలాంటి ఆ ప్లాస్టిక్ బిళ్ల, గాలికి దారి తప్పి తిన్నగా ఆమె పొట్ట మీదకి వచ్చింది. భయపడి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. అందరూ కేకలు పెడుతూ వచ్చి మీద పడేసరికి, ఏదో పగలగొట్టానేమో అనుకుంది. ఆ గీత దాటి ఉన్నచోట డిస్కు పట్టుకుంటే పాయింటని తర్వాత చెప్పారు. మరుసటి ఆదివారం ఎవరూ పిలవకుండానే బూట్లు వేసుకుని వచ్చింది.

వాళ్ల జట్టు పేరు ‘పరిందే’, అంటే పక్షులు. జెర్సీల కోసం పత్తర్‌గట్టికి పోయిన రోజు, దుకాణం ముందు వాలిన పావురాల గుంపుని చూసి హమ్మాద్ పెట్టిన పేరది. నగరంలో ఇలాంటి జట్లు ఎనిమిది కలిసి ‘మూసీ లీగు’ అని ఒకటి నడుపుకుంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారాల్లో మ్యాచులు, చివరికి రెండు రోజుల టోర్నమెంటు. ఎవరూ జీతాలిచ్చేది లేదు, టీవీలో చూపేది లేదు. చలికి వణుక్కుంటూ వచ్చి, చెమటలు కక్కుతూ ఇంటికి పోతారు.

అన్నిటికంటే విచిత్రం, ఈ ఆటలో అంపైరు ఉండడు. తప్పు జరిగితే జరిగిందని ఆడేవాళ్లే చెప్పాలి. కాదనుకుంటే ఆ ఇద్దరే నిలబడి మాట్లాడుకుని తేల్చుకోవాలి. అంపైరు లేకుండా ఆటేమిటని నవ్వేవాళ్లు ఒక్క ఆదివారం వచ్చి చూడాలి. అంపైరు ఉన్న ఆటల్లో లేని నిజాయితీ అక్కడ కనిపిస్తుంది.

డిస్కు చేతికి వచ్చినవాళ్లు అడుగు కదపకూడదు, నిలబడిన చోటి నుంచే విసరాలి. వాళ్ల ఎదుట అవతలి జట్టు మనిషి ఒకరు చేతులు చాపి నిలబడి, బయటికి వినపడేలా పది లెక్కపెడతారు. పది అనేలోగా విసరకపోతే డిస్కు అవతలివాళ్లది. ఏ భాషలో లెక్కపెట్టినా ఫరవాలేదు. నాగమణమ్మ విసిరిన డిస్కు గాలిలో వణుకుతూ పోతుంది, పరుగు సంగతి చెప్పనే అక్కరలేదు. లెక్క మాత్రం ఆమెదే లెక్క. ఏళ్ల తరబడి సోల ముంచి పోసిన చెయ్యి కదా, ఒక అంకెకీ ఇంకో అంకెకీ నడుమ వెంట్రుకవాసి తేడా రాదు. ఆంటీ ఎదుట నిలబడితే గడియారం ఎదుట నిలబడ్డట్టేనని జట్టులో అందరూ ఒప్పుకునేవారు.

ఆ లెక్క దగ్గరే పోయినేడు జట్టు మునిగింది.

సెమీఫైనల్, గండిపేట జట్టుతో. టైము అయిపోయింది, చెరి పదకొండు పాయింట్లు. ఇక ఒక్క పాయింటు, ఎవరు వేస్తే వాళ్లు ఫైనలుకి. డిస్కు గండిపేట అమ్మాయి స్రవ్య చేతిలో ఉంది. పొడుగు పిల్ల, ఎడమచేతి వాటం, ఎంత దూరమైనా విసరగలదు. ఎదుట నాగమణమ్మ చేతులు చాపి లెక్క మొదలుపెట్టింది. స్రవ్య వాళ్లెవరికీ దారి దొరకలేదు. ‘పది’ అనేసరికి డిస్కు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పరిందే పిల్లలు గంతులు వేశారు.

“ఆగండి. వన్ అనలేదు కదా ఆంటీ” అంది స్రవ్య. “రెండు నుంచి మొదలుపెట్టారు. నాకు తొమ్మిదే ఇచ్చారు.”

“లాభం అన్న గద బిడ్డా” అంది నాగమణమ్మ.

“లాభమా? అంటే ఏంటి?”

నాగమణమ్మ చెప్పబోయింది. సోల, అత్తగారు, మొదటి కొలత, అన్నీ ఒకేసారి నోటిదాకా వచ్చి ఒక్కటీ సరిగ్గా బయటికి రాలేదు. ఆ పిల్ల అబద్ధం ఆడటం లేదు, నిజంగానే వినలేదు. ఈవిడా అబద్ధం ఆడటం లేదు, నిజంగానే అంది. ఇద్దరి మాటా కలవనప్పుడు డిస్కు విసిరేవాళ్లకే తిరిగి ఇచ్చి, ఎనిమిది నుంచి మళ్లీ లెక్కపెట్టాలి. నాగమణమ్మ ‘ఎనిమిది’ అందో లేదో స్రవ్య విసిరేసింది. డిస్కు మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి పోయి వాళ్ల పిల్లాడి చేతిలో పడింది. అంతే, పరిందే ఇంటిదారి పట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో చాంద్రాయణగుట్ట దాటాక హమ్మాద్ ఉండబట్టలేక అనేశాడు. “ఆంటీ, అందరి లెక్క ఒకటి అంటె ఏం పోతది? గింత కష్టపడి వచ్చినం.”

“తప్పు నాదేరా” అంది నాగమణమ్మ. ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేదు. పురుషోత్తం ఏమైందని రెండుసార్లు అడిగి, మూడోసారి అడిగితే పళ్లెం తన మీదికి వస్తుందని ఊరుకున్నాడు.

ఈ ఏడు లీగు మొదలయ్యే ముందు ఆమె గట్టిగా అనుకుంది, ‘ఒకటి’ అనాలని. అనుకోవడం తేలికే. మైదానంలో చేతులు చాపగానే నోరు ‘లా’ అని తెరుచుకునేది. దాన్ని మింగి ‘ఒకటి’ అనేసరికి ఆలస్యమయ్యేది. పోయిన సమయాన్ని అందుకోవాలని తర్వాతి అంకెలు గబగబా పరిగెత్తించేది. ఎదుటివాళ్లు ‘తొందరగా లెక్కపెడుతున్నారు’ అని ఆపేవారు. ఆపితే లెక్క వెనక్కి పోతుంది. గడియారంలాంటి మనిషి మొదటి రెండు మ్యాచుల్లో అయిదుసార్లు ఆగింది. ఆమెని లెక్కకి దూరంగా ఎక్కడో నిలబెడదామంటే ఈ ఆటలో కుదరదు. ఎవరు కాపలా కాస్తున్న మనిషికి డిస్కు వస్తే వాళ్లే ఎదుట నిలబడి లెక్కపెట్టాలి. లెక్క రానివాళ్లు మైదానంలో ఉండి లాభం లేదు. పైగా జట్టులో ఆడవాళ్లు నలుగురే.

దుకాణంలో కూడా సాధన చేస్తే అలవాటవుతుందని ఆమెకి తట్టింది. ఆ తెలివి తక్కువ ఆలోచనకి మొదట బలైంది అమీనా బీ. డెబ్బై దాటిన మనిషి, అలీనాకి అమ్మమ్మ. నాగమణమ్మ కొత్త కోడలిగా గల్లా పక్కన కూర్చున్ననాటి నుంచీ ఆమె దగ్గరే మురుమురాలు కొంటోంది.

నాగమణమ్మ సోల ముంచి, కళ్లు మూసుకుని, “ఒకటి” అంది.

అమీనా బీ సంచి మూతి మూసేసింది. “ఏంది నాగమణీ, నాకు ఒకటి అంటున్నవ్? నేనేం తప్పు చేసిన?”

“ఏం లేదు ఖాలా, ఊకెనే.”

“ఊకెనే ఎట్లయితది? మా అమ్మీ కొలిస్తే బరకత్ అనేది. నువ్వు లాభం అంటవ్. రెండూ ఇంటికి మంచిదే. ఈ ఒకటి ఏంది, దవాఖానల టోకెను లెక్క? వాపస్ పోయ్.”

సంచిలో పడ్డ సోలెడు మురుమురాల్నీ వెనక్కి పోయించి, మళ్లీ మొదటి నుంచి ‘లాభం’ అనిపించుకునేదాకా ఆవిడ కదల్లేదు. వెనుక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు కూడా ఆవిడ పక్షమే. నాగమణమ్మకి నవ్వు రావలసిన చోట కళ్లలో నీళ్లు వచ్చాయి. అక్కడ ‘లాభం’ అంటే జట్టు ఓడిపోతుంది, ఇక్కడ ‘ఒకటి’ అంటే మనుషులు నొచ్చుకుంటారు. ఏదో ఒకటి వదులుకోవాలి, దుకాణం వదులుకునేది కాదు. ఉతికి మడతపెట్టిన నీలం జెర్సీని గల్లా కింది నుంచి తీసి అమీనా బీ సంచిలో పెట్టింది.

“అలీనాకియ్యి ఖాలా. ఆంటీ ఇగ రాదట అని చెప్పు.”

మర్నాడు బడి వదలగానే అలీనా దుకాణం ముందు ప్రత్యక్షమైంది. బతిమాలలేదు, కోప్పడలేదు. గిరాకీ తగ్గేదాకా మెట్టు మీద కూర్చుని, ఆమె కొలుస్తుంటే చూసింది. ముగ్గురికి కొలిచింది, మూడుసార్లూ ‘లాభం’ అంది. వీధి అవతలి మెకానిక్కుకి కూడా వినపడేంత గొంతుతో అంది.

“ఆంటీ, ఇక్కడ గింత గట్టిగ అంటుండ్రు గద. మైదానంల మీరు లాభం అంటె పక్కనున్న నాకే ఎన్నడు వినరాలే” అంది అలీనా.

నాగమణమ్మ సోల పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. “వాళ్లంత చదువుకున్న పిల్లలు బిడ్డా. అందరు వన్ టూ అంటరు. నేను లాభం అంటె నవ్వుతరేమో అని లోపల్నే అనుకునేది. రెండు సంది గొంతు లేపేది. ఆ పొడుగు పిల్లది తప్పు లేదు. నేనే గొణిగిన.”

ఏడాది నుంచి మనసులో ఉన్న ముల్లు అదేనని చెప్పాకే ఆమెకీ తెలిసింది. తప్పు ఆ మాటది కాదు, దాన్ని దాచిపెట్టినందుకు వచ్చింది తంటా అంతా.

“అయితే ఇగ గొణగకుండ్రి. మ్యాచికి ముందు అవతలి కెప్టెనుకు నేను చెప్త. ఇద్దరం ఒప్పుకుంటె లాభం అంటె వన్నే. నవ్వేటోళ్లను నవ్వనియ్యుండ్రి, ఫికర్ ఎందుకు?” అంది అలీనా. సంచిలోంచి జెర్సీ తీసి గల్లా మీద పెట్టి, సోలెడు పుట్నాలు కొలిపించుకుని పోయింది.

అప్పటి నుంచి ప్రతి మ్యాచికి ముందు అలీనా ఆ ముక్క చెప్పడం, అవతలివాళ్లు నవ్వి తల ఊపడం అలవాటైంది. నాగమణమ్మ గొంతు మాత్రం ఒక్కసారిగా లేవలేదు. మొదటి ఆదివారం పక్కనున్నవాళ్లకి వినపడింది, రెండో ఆదివారం గీత మీద నిలబడ్డవాళ్లకి వినపడింది. పరిందే ఒక్కో మ్యాచీ గెలుచుకుంటూ టోర్నమెంటు ఫైనలుకి చేరింది. ఎదుట మళ్లీ గండిపేటే.

టాసుకి ముందు అలీనా వాళ్ల కెప్టెను అనురాగ్‌తో చెబుతుంటే వాళ్ల జట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. నాగమణమ్మ చెవులు వేడెక్కాయి. స్రవ్య తన వరసలోంచి బయటికి వచ్చి ఆమె ఎదుట నిలబడింది.

“ఒకసారి అనండి ఆంటీ. వింటాను. పోయినసారిలా కాకూడదు.”

“లాభం” అంది నాగమణమ్మ.

“ఓకే” అంది స్రవ్య, పాఠం అప్పజెప్పించుకున్న టీచరులా సీరియస్‌గా.

గంటన్నర ఆడాక మళ్లీ అదే కథ. చెరి పన్నెండు, ఒక్క పాయింటు మిగిలింది. ఆయాసంతో నాగమణమ్మ డొక్కలు ఎగురుతున్నాయి. మీ బదులు గీత బయట కూర్చున్న మన ఆశ్రితని దింపమంటారా అని అలీనా కళ్లతోనే అడిగింది. వద్దని తల ఊపింది. ఆ మరునిమిషమే డిస్కు స్రవ్య చేతికి వచ్చింది. ఆమెని కాస్తున్నది నాగమణమ్మే.

చేతులు చాపింది. ఓడిపోతే ఈసారి సాకు కూడా ఉండదని తెలుసు. కడుపులోంచి గాలి తీసుకుని, గిరాకీ కిటకిటలాడే పండుగ రోజున దుకాణంలో అన్నట్టే అంది.

“లాభం.”

గీత బయట కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పారు. కొందరు నవ్వారు కూడా. ఆమెకి ఆ నవ్వు వినపడింది గానీ ఎక్కడా తగల్లేదు. రెండు. మూడు. నాలుగు. పాత లెక్క తిరిగి వచ్చింది, సోల తర్వాత సోలలాగా, తొందర లేదు, ఆలస్యం లేదు. స్రవ్య అటు విసరబోయి ఆగింది, ఇటు విసరబోయి ఆగింది. హమ్మాద్ తన మనిషిని అంటుకుపోయి ఉన్నాడు, అలీనా ఒక దారి మూసేసింది. తొమ్మిది. “పది.” డిస్కు స్రవ్య చేతిలోంచి అప్పుడు లేచింది.

“కాదని చెప్పు స్రవ్యా” అని వాళ్ల జట్టులోంచి ఇద్దరు అరిచారు. “వన్ అనలేదు, కాదని చెప్పు.”

కాదంటే చాలు, పోయినేడులాగే డిస్కు ఆమెకే వస్తుంది. అడ్డం చెప్పే అంపైరు లేడు. స్రవ్య నడిచి వెళ్లి డిస్కు తెచ్చి, తను నిలబడ్డచోటే నేల మీద పెట్టింది.

“లాభం దగ్గర్నుంచి విన్నాను. పది అయిపోయింది” అంది.

హమ్మాద్ డిస్కు ఎత్తుకున్నాడు. రెండు చేతులు మారింది. గాలి ఎదురుగా ఉంది, మూడోసారి విసరబోతే అందరికీ కాపలా ఉంది, ఖాళీగా ఉన్నది నాగమణమ్మ ఒక్కతే. డిస్కు ఆమె చేతుల్లో పడింది. ఇప్పుడు ఎదుట నిలబడి చేతులు చాపింది స్రవ్య. పొద్దుటి నుంచీ ఆ పిల్ల ప్రతివాళ్ల ముందూ ‘వన్’ అంటూనే లెక్కపెట్టింది. నాగమణమ్మ ముందు నోరు తెరిచి, గట్టిగా అంది.

“లాభం.”

నాగమణమ్మ చెయ్యి ఆగిపోయింది.

“టూ. త్రీ. ఫోర్.”

హమ్మాద్ పక్కకి ఉరికి వచ్చి అరుస్తున్నాడు. ఆమె అటు చూడలేదు. ఫైవ్ అయింది, సిక్స్ అయింది. దుకాణం మూసుకుని మరీ వచ్చిన పురుషోత్తం గీత బయట లేచి నిలబడి తల పట్టుకున్నాడు. “ఎయిట్” అన్నాక నాగమణమ్మకి మెలకువ వచ్చినట్టయింది. మణికట్టు తిప్పి విసిరింది. ఎప్పటిలాగే డిస్కు వణుకుతూ పోయింది, స్రవ్య వేళ్ల పక్క నుంచి బెత్తెడు దూరంలో. గీత అవతల అలీనా నేల మీదకి దూకి, మట్టికి జానెడు ఎత్తున దాన్ని అందుకుంది.

కేకలు, దుమ్ము, కౌగిలింతలు అయ్యాక, ఆట ఆనవాయితీ ప్రకారం రెండు జట్లూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఒకే వలయంగా నిలబడ్డాయి. నాగమణమ్మ పక్కన స్రవ్య వచ్చి నిలబడింది. అందరూ తలా ఒక మాట చెప్పాలి. హమ్మాద్ వంతు వచ్చేసరికి అతను ఆగలేకపోయాడు.

“ఆంటీ, మస్తు ఆడినరు, నేను కాదంట లేను. గానీ త్రీ కాడనే నేను పక్కకొచ్చిన. ఎయిట్ దాక ఏం చూసుకుంట నిలబడ్డరు? నా పానం పోయింది.”

అందరూ నవ్వారు. నాగమణమ్మా నవ్వింది. చెంగు లేదు కనుక జెర్సీ చేతితోనే కళ్లు తుడుచుకుంది.

“ఇరువై ఏడేండ్ల సంది అందరికి నేనే కొలుస్తున్నరా. నాకు ఎవ్వరు కొలువలే” అంది. “జర్రసేపు విందామని ఆగిన.”